హెపటైటిస్ బి, సి ఉన్నవారు కిడ్నీలను కాపాడుకునేదెలా: పరీక్షలు, డోసులు, జరిగే పొరపాట్లు

కామెర్లు ఎప్పుడో తగ్గిపోయాయి. లివర్ ఫంక్షన్ టెస్టు కూడా బాగానే ఉంది. అయినా పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి సాక్స్ పట్టీ గుర్తు లోతుగా పడేంత కాళ్ల వాపు, మూత్రం పోశాక ఎంతసేపైనా చెదరని సన్నటి నురగ. ఇలాంటి మనిషికి హెపటైటిస్ బి గానీ సి గానీ ఉందని తెలిస్తే ముందు పరీక్ష చేయాల్సింది మూత్రం. కారణం తెలియకుండా మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి తప్పక వెతకాల్సింది ఈ రెండు వైరస్‌లు. లివర్ డాక్టరు లివర్ దెబ్బను చూపే ఎస్‌జీపీటీ చూస్తారు, కిడ్నీ డాక్టరు కిడ్నీ పనిని చూపే క్రియాటినిన్ చూస్తారు. ఎవరి రిపోర్టు వాళ్ల దగ్గర బాగానే ఉన్నట్టుంటుంది, మధ్యలో ప్రొటీన్ మాత్రం ఏళ్ల తరబడి కారిపోతూ ఉంటుంది. ఆ ఖాళీని పూడ్చుకోవడం ఎలాగో ఇక్కడ వివరంగా చెబుతున్నాం. మందుల డోసులు రాసింది మీ ప్రిస్క్రిప్షన్‌ను సరిచూసుకోవడానికే. వాటిని సొంతంగా మొదలుపెట్టకండి, సొంతంగా ఆపకండి.

లివర్‌లో వైరస్ ఉంటే కిడ్నీకి ఏమిటి సంబంధం?

ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నని నాళాల చుట్టలు సుమారు 10 లక్షలు ఉంటాయి. వాటినే గ్లోమెరులస్ అంటారు, మామూలు మాటల్లో ఫిల్టర్లు. వైరస్ ముక్కలు, వాటిని పట్టుకున్న యాంటీబాడీలు ఒకదానికొకటి అల్లుకుని చిన్నచిన్న ముద్దలై ఈ ఫిల్టర్లలో చిక్కుకుంటాయి. అక్కడ వాపు పుడుతుంది, జల్లెడకు చిల్లులు పడతాయి, ప్రొటీన్, రక్తం బయటికి జారిపోతాయి.

హెపటైటిస్ బి లో ఎక్కువగా కనిపించేది మెంబ్రేనస్ నెఫ్రోపతి, అంటే ఫిల్టర్ పొర మందమయ్యే జబ్బు. ఈ-యాంటిజెన్ అనే వైరస్ ప్రొటీన్ చిన్న సైజులో ఉండటం వల్ల ఫిల్టర్ పొరను దాటి బయటి అంచున చేరుతుంది, యాంటీబాడీ అక్కడ దాన్ని పట్టుకుంటుంది. పిల్లల్లో ఈ-యాంటిజెన్ పోయి దానికి యాంటీబాడీ వచ్చాక ఈ జబ్బు చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. పెద్దల్లో ఆ అదృష్టం తక్కువ. కొందరిలో మెల్లగా కిడ్నీ ఫెయిల్యూర్ దాకా వెళ్తుంది. ఇదే వైరస్ అరుదుగా పాలీఆర్టరైటిస్ నొడోసా అనే రక్తనాళాల జబ్బునూ తెస్తుంది. వైరస్ సోకిన తొలి నెలల్లోనే ఒక్కసారిగా బీపీ పెరగడం, బరువు తగ్గడం, కడుపునొప్పి, పాదం పైకి లేవక వేలాడిపోవడం లాంటివి దాని గుర్తులు.

హెపటైటిస్ సి దారి వేరు. ఈ వైరస్ యాంటీబాడీలు తయారుచేసే తెల్లకణాలైన బి-లింఫోసైట్లను ఏళ్ల తరబడి రెచ్చగొడుతుంది. అవి క్రయోగ్లోబ్యులిన్లు అనే యాంటీబాడీలను తయారుచేస్తాయి. చల్లబడితే గడ్డకట్టి, వేడెక్కితే కరిగిపోవడం వీటి లక్షణం. చిన్న నాళాల్లో పేరుకుని మెంబ్రేనోప్రొలిఫరేటివ్ అనే రకం వాపు తెస్తాయి. పిక్కల మీద, మడమల దగ్గర నొక్కినా తెల్లబడని ఎర్రటి చుక్కలు, కీళ్ల నొప్పులు, విపరీతమైన నీరసం, అరికాళ్ల తిమ్మిరి ఉంటే ఈ జబ్బును అనుమానించాలి.

హెపటైటిస్ ఎ, ఇ సాధారణంగా వచ్చి పోయేవే. ఎ తీవ్రంగా వచ్చినప్పుడు కొద్దిమందిలో కిడ్నీలు ఒక్కసారిగా పనిచేయడం మానేస్తాయి. ఇ మాత్రం అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారిలో దీర్ఘకాలం ఉండిపోయి, అరుదుగా కిడ్నీ ఫిల్టర్లనూ దెబ్బతీస్తుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా బి, సి ల గురించే.

మూత్ర పరీక్ష: తేలికైనదే, తప్పులు జరిగేదీ అక్కడే

ఫిల్టర్ల జబ్బుకు నొప్పి ఉండదు. నడుం నొప్పి లేదు కాబట్టి కిడ్నీ బాగుందనుకోవడం పెద్ద పొరపాటు. బి లేదా సి ఉందని తేలిన రోజునే నాలుగు చూపించుకోవాలి: మైక్రోస్కోపుతో కూడిన యూరిన్ రొటీన్, యూరిన్ ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి లేదా ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడగడుతోందో చెప్పే లెక్క), బీపీ. అన్నీ బాగుంటే వైరస్ ఒంట్లో ఉన్నంతకాలం ఏడాదికోసారి మళ్లీ చేయించాలి.

శాంపిల్‌కు పొద్దున లేవగానే పోసే మొదటి మూత్రం మంచిది. మొదటి ధార వదిలేసి మధ్యలోది డబ్బాలో పట్టండి. రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. ఆలస్యమైతే ఎర్రకణాలు, కాస్ట్‌లు (కిడ్నీ గొట్టాల్లో అచ్చు పోసినట్టు గట్టిపడే ముద్దలు) విరిగిపోతాయి, మైక్రోస్కోపు కింద చూసేవారికి ఏమీ దొరకదు. జ్వరం ఉన్న రోజున, నెలసరి రోజుల్లో, ముందురోజు ఒళ్లు విరిగేలా వ్యాయామం చేసినప్పుడు ఇస్తే లేని ప్రొటీన్, లేని రక్తం కనిపిస్తాయి.

పట్టీ ముంచి చూసే డిప్‌స్టిక్ పరీక్షలో ఒక లోపం ఉంది. నీళ్లు బాగా తాగి పల్చటి మూత్రం ఇస్తే 'నిల్' అనీ, చిక్కటి మూత్రం ఇస్తే అదే మనిషికి 'టూ ప్లస్' అనీ వస్తుంది. నిష్పత్తి అడిగేది ఇందుకే. ప్రొటీన్‌ను క్రియాటినిన్‌తో భాగించడం వల్ల నీళ్ల తేడా పోతుంది. రక్తంలోని ముఖ్యమైన ప్రొటీన్ అయిన ఆల్బుమిన్ నిష్పత్తి గ్రాము క్రియాటినిన్‌కు 30 మి.గ్రా. లోపు ఉంటే మామూలు, 30 నుంచి 300 వరకు ఉంటే దెబ్బ మొదలైనట్టు, 300 దాటితే గట్టిగా తగిలినట్టు. రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రొటీన్ పోతూ, రక్తంలో ఆల్బుమిన్ డెసిలీటరుకు 3 గ్రాముల లోపు పడిపోయి, ఒళ్లు వాస్తే దాన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. రిపోర్టు మీద యూనిట్ చూడటం మరిచిపోవద్దు. కొన్ని ల్యాబ్‌లు మిల్లీమోల్ లెక్కలో ఇస్తాయి. అక్కడి 3, ఇక్కడి 30కి సమానం. ల్యాబ్ మారినప్పుడు ప్రొటీన్ పదింతలు పెరిగిందని హడలిపోవడమో, పదింతలు తగ్గిందని సంబరపడటమో ఈ తేడా తెలియకే జరుగుతుంది.

24 గంటల మూత్రం అడిగితే పద్ధతి ఇది. పొద్దున 6 గంటలకు లేచి పోసిన మూత్రాన్ని పారబోయాలి, టైము రాసుకోవాలి. ఆ తర్వాత పోసిన ప్రతి చుక్కా, మర్నాడు 6 గంటలకు పోసేదానితో సహా, డబ్బాలోకే వెళ్లాలి. మలవిసర్జనకు వెళ్లినప్పుడు పోయే మూత్రాన్ని చాలామంది మరిచిపోతారు. మధ్యలో ఒక్కసారి మిస్సయినా ఆ రోజు లెక్క పనికిరాదు, మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

మైక్రోస్కోపులో వంకరటింకర ఎర్రకణాలు గానీ ఎర్రకణాల కాస్ట్‌లు గానీ కనిపిస్తే రక్తం మూత్రనాళం నుంచి కాదు, ఫిల్టర్ల నుంచే వస్తోందని అర్థం. దాంతోపాటు క్రియాటినిన్ కూడా వారాల్లో పెరుగుతుంటే ఆలస్యం పనికిరాదు. అదే వారంలో కిడ్నీ డాక్టరును కలవాలి.

క్రియాటినిన్ గురించి ఒక హెచ్చరిక. అది కండల నుంచి వస్తుంది. సిర్రోసిస్‌తో (లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం) కండ కరిగిపోయిన 45 కిలోల మనిషికి 0.9 (డెసిలీటరుకు మి.గ్రా.) అని వస్తే రిపోర్టులో నార్మల్ గడిలోనే పడుతుంది, లోపల కిడ్నీ పని చాలావరకు తగ్గిపోయి ఉండొచ్చు. పైగా పచ్చకామెర్లు ఎక్కువగా ఉన్నప్పుడు, జాఫే పద్ధతిలో కొలిచే ల్యాబ్‌లలో బిలిరుబిన్ అడ్డుపడి క్రియాటినిన్‌ను ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అనుమానం ఉంటే ఎంజైమ్ పద్ధతిలో కొలవమనండి, లేదా కండల మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి పరీక్ష చేయించండి.

వైరస్ పరీక్షలు చదవడం

హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ ఇప్పుడు ఉన్నట్టు కాదు. ఒకప్పుడు సోకి పోయినవారికీ, మందుతో నయమైనవారికీ అది ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. ఉందో లేదో తేల్చేది రక్తంలో సి వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. డయాలసిస్‌లో ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి వైరస్ ఉన్నా యాంటీబాడీ తయారుకాకపోవచ్చు. వారిలో అనుమానం ఉంటే నేరుగా ఆర్‌ఎన్‌ఏ అడగాలి.

హెపటైటిస్ బి కి మూడు పరీక్షలు కలిపి చేయించండి: హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ-హెచ్‌బీఎస్, టోటల్ యాంటీ-హెచ్‌బీసీ. మొదటిది ఉంటే వైరస్ ఇప్పుడు ఉన్నట్టు. రెండోది ఒక్కటే ఉంటే టీకాతో వచ్చిన రక్షణ. మూడోది ఉంటే ఎప్పుడో సోకినట్టు, అంటే లివర్ కణాల్లో వైరస్ నిద్రపోతూ ఉండొచ్చు. ఈ మూడోదాన్ని వదిలేస్తే ఏం జరుగుతుందో స్టెరాయిడ్ల దగ్గర చెబుతాం. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అయితే ఈ-యాంటిజెన్, హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో బి వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష) కూడా కావాలి. టీకా వేయించుకున్న మూడు వారాల లోపు హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించవద్దు. టీకాలో ఉన్నది ఆ యాంటిజెనే కాబట్టి కొద్దిరోజులు అబద్ధపు పాజిటివ్ వచ్చే వీలుంది.

హెపటైటిస్ సి ఉన్నవారికి కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రొటీన్లు సి3, సి4 పరీక్షలు, కీళ్లవాతంలో కనిపించే రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా చూస్తారు. సి4 బాగా పడిపోయి సి3 కాస్తే తగ్గడం, రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్ రావడం క్రయోగ్లోబ్యులిన్ జబ్బు ముద్ర. తెలియని చోట ఈ మనిషికి కీళ్లవాతం అని పేరు పెట్టి నెలల తరబడి నొప్పిమాత్రలు ఇస్తారు. అసలే దెబ్బతిన్న కిడ్నీకి ఆ మాత్రలు మరో దెబ్బ. కీళ్ల నొప్పి, రుమటాయిడ్ ఫ్యాక్టర్, కాళ్ల మీద చుక్కలు మూడూ కలిస్తే హెచ్‌సీవీ పరీక్ష అడిగి చేయించుకోండి.

క్రయోగ్లోబ్యులిన్ శాంపిల్: వెచ్చదనం పోతే పరీక్ష పోయినట్టే

ఈ పరీక్షలో తప్పు జరిగేది మెషీన్ దగ్గర కాదు, రక్తం తీసిన కుర్చీకీ ల్యాబ్ తలుపుకీ మధ్య. ఖాళీ ట్యూబును ముందుగానే 37 డిగ్రీల సెల్సియస్‌కు వెచ్చబెట్టాలి. రక్తం తీసిన వెంటనే 37 డిగ్రీల నీళ్లున్న ఫ్లాస్కులో గానీ ఇంక్యుబేటర్‌లో గానీ ఉంచి, అక్కడే గడ్డకట్టనివ్వాలి. సీరమ్‌ను కూడా వెచ్చగానే వేరుచేయాలి. ఆ తర్వాత దాన్ని 4 డిగ్రీల దగ్గర కనీసం 3 రోజులు, వీలైతే 7 రోజులు ఉంచి, అడుగున తెల్లటి మడ్డి చేరిందా అని చూస్తారు. చేరితే మళ్లీ 37 డిగ్రీలకు వెచ్చబెడతారు. కరిగితేనే అది క్రయోగ్లోబ్యులిన్.

మామూలు ట్యూబులో తీసి ట్రేలో అరగంట పెట్టేస్తే చల్లబడి క్రయోగ్లోబ్యులిన్ అంతా రక్తపు గడ్డతో పాటే కిందకు దిగిపోతుంది. పైన మిగిలిన సీరమ్‌లో ఏమీ ఉండదు, రిపోర్టు 'నెగటివ్' అని వస్తుంది. కాబట్టి ఇంటి దగ్గర రక్తం ఇచ్చి పంపే పరీక్ష కాదిది. ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వండి, ట్యూబు వెచ్చబెట్టారా అని అడగండి. నెగటివ్ వచ్చినా సి4 తక్కువగా, చుక్కలు స్పష్టంగా ఉంటే ఇంకోసారి సరైన పద్ధతిలో చేయించాలి.

బయాప్సీ ఎప్పుడు?

బి, సి ఉన్నవారికి వచ్చే ప్రతి కిడ్నీ జబ్బూ వైరస్ వల్లే కాదు. షుగరు ఉండొచ్చు, ఐజీఏ నెఫ్రోపతి అనే మరో ఫిల్టర్ల జబ్బు ఉండొచ్చు, మందుల దెబ్బ కావచ్చు. ప్రొటీన్ ఎక్కువగా పోతున్నా, మూత్రంలో రక్తంతో పాటు క్రియాటినిన్ పెరుగుతున్నా సూదితో చిన్న ముక్క తీసి చూడటమే దారి. సి ఉన్నవారికి కిడ్నీ పని నిలకడగా ఉండి ప్రొటీన్ నెఫ్రోటిక్ స్థాయికి చేరకపోతే బయాప్సీ ఆపి ముందు వైరస్‌కు మందు ఇవ్వడం ఇప్పుడు ఒప్పుకున్న పద్ధతే. నయమయ్యాక కూడా మూత్రం బాగుపడకపోతే అప్పుడు ముక్క తీస్తారు.

బయాప్సీకి ముందు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ చూడాలి, బీపీ 140/90 లోపు ఉండాలి. ఆస్పిరిన్ లాంటివి సాధారణంగా వారం ముందే ఆపిస్తారు, గుండెలో స్టెంట్ ఉన్నవారు గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. సిర్రోసిస్‌తో ప్లేట్‌లెట్లు పడిపోయినవారికి వీపు నుంచి కాకుండా మెడ సిర గుండా తీసే పద్ధతి ఉంది. తర్వాత కనీసం ఆరుగంటలు వెల్లకిలా పడుకోవాలి. మూత్రం కాస్త ఎర్రగా రావడం ఉంటుంది. గడ్డలు గడ్డలుగా వచ్చినా, మూత్రం బిగిసిపోయినా, నడుం నొప్పి పెరుగుతున్నా వెంటనే చెప్పాలి.

మందులో వరుస: ముందు వైరస్

సి కి ఇప్పుడున్న మాత్రలతో 95 శాతానికి పైగా నయమవుతారు. సోఫోస్బువిర్ 400 మి.గ్రా., వెల్పటాస్విర్ 100 మి.గ్రా. కలిసిన మాత్ర రోజుకొకటి 12 వారాలు. లేదా గ్లెకాప్రెవిర్, పిబ్రెంటాస్విర్ కలిసిన మాత్రలు రోజుకు మూడు, మూడూ ఒకేసారి భోజనంతో. మొదటిసారి మందు వాడేవారికి ఇవి 8 వారాలు చాలు. ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తక్కువ ఉంటే సోఫోస్బువిర్ వాడకూడదన్నది పాత మాట. ఇప్పుడు డయాలసిస్‌లో ఉన్నవారికి కూడా డోసు తగ్గించకుండా ఇస్తున్నారు. ఆ పాత మాట విని మందు వాయిదా వేసుకోకండి. పొట్టలో నీరు చేరినంతగా లివర్ చెడినవారికి మాత్రం గ్లెకాప్రెవిర్ ఉన్న మందు నిషిద్ధం.

ఈ కోర్సు చెడగొట్టేవి ఎక్కువగా పక్క మందులే. ఒమెప్రజోల్ లాంటి ఎసిడిటీ మాత్రలు వెల్పటాస్విర్‌ను ఒంటికి పట్టనివ్వవు. యాంటాసిడ్ సిరప్‌కూ దీనికీ మధ్య 4 గంటలు ఎడం ఉండాలి. రిఫాంపిసిన్, ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌తో అసలు కలపకూడదు. గుండె లయకు అమియోడరోన్ వాడేవారికి సోఫోస్బువిర్ ఇస్తే నాడి ప్రమాదకరంగా నెమ్మదించవచ్చు. మొదలుపెట్టే ముందు హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ-హెచ్‌బీసీ తప్పక చూడాలి. రెండు వైరస్‌లూ ఉన్నవారిలో సి ని తరిమేస్తే అణగి ఉన్న బి లేస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఈ మందులన్నిటికీ ఇదే హెచ్చరికను బాక్సు కట్టి పెట్టించింది.

కోర్సు అయిపోయిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ కనిపించకపోతే నయమైనట్టు. క్రయోగ్లోబ్యులిన్లు మాత్రం వైరస్ పోయాక కూడా నెలల తరబడి ఉండొచ్చు, ప్రొటీన్ ఇంకా నెమ్మదిగా దిగుతుంది. మూడు నెలలకే ఫలితం లేదని నిరాశపడొద్దు, చూడటం మానొద్దు. వైరస్ పోతే వార్ఫరిన్, టాక్రోలిమస్, షుగరు మందుల డోసులు మళ్లీ సరిచూసుకోవాలి, ఎందుకంటే తేరుకున్న లివర్ వాటిని వేరే వేగంతో వాడుకుంటుంది.

బి కథ వేరు. ఇక్కడ నయం చేయడం అరుదు, అణచి ఉంచడమే పని. ఫిల్టర్ల జబ్బు ఉంటే ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉన్నా యాంటీవైరల్ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. లివర్ బాగుంది కదా అని మందు ఆపేయించే సలహా ఇలాంటివారికి వర్తించదు.

ఎంటెకావిర్ మామూలు డోసు 0.5 మి.గ్రా. రోజుకొకటి, ఖాళీ కడుపున: తిన్న 2 గంటల తర్వాత, మళ్లీ తినడానికి 2 గంటల ముందు. అది కిడ్నీ గుండానే బయటికి పోతుంది కాబట్టి క్రియాటినిన్ క్లియరెన్స్‌ను (కిడ్నీ నిమిషానికి ఎన్ని మి.లీ. వడగడుతోందన్న లెక్క) బట్టి ఎడం పెంచాలి:

- 50, ఆపైన: రోజూ 0.5 మి.గ్రా.
- 30 నుంచి 49: రెండు రోజులకొకటి
- 10 నుంచి 29: మూడు రోజులకొకటి
- 10 లోపు, లేదా డయాలసిస్: వారానికొకటి, డయాలసిస్ రోజున అయితే అది అయ్యాక

లామివుడిన్ అనే పాత బి మందుకు లొంగని వైరస్ ఉన్నవారికి లెక్క వేరుగా ఉంటుంది.

టెనోఫోవిర్‌లో రెండు రకాలున్నాయి, పేర్లు దగ్గరగా ఉండటంతో తికమక పడతారు. పాతది టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్, 300 మి.గ్రా. కొత్తది టెనోఫోవిర్ అలాఫెనమైడ్, 25 మి.గ్రా., భోజనంతో. పాతది మంచి మందే, కానీ కొందరిలో కిడ్నీ గొట్టాలను దెబ్బతీస్తుంది. ఇది ఫిల్టర్ల జబ్బు కాదు, వైరస్ చేసినదీ కాదు. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోవడం, రక్తంలో షుగరు మామూలుగా ఉన్నా మూత్రంలో షుగరు కనిపించడం, ఎముకల నొప్పులు దీని గుర్తులు. అందుకే ముందే కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఎంటెకావిర్ గానీ అలాఫెనమైడ్ గానీ ఎంచుకుంటారు. మీ స్ట్రిప్ వెనక ఉన్న మి.గ్రా. సంఖ్య చూడండి, 300 ఉంటే పాతదే. దాన్నే వాడుతుంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి క్రియాటినిన్, ఫాస్ఫేట్, యూరిన్ రొటీన్ చేయించండి.

బి మందును ఒక్కసారిగా ఆపితే వైరస్ ఎగదన్నుతుంది. లివర్ ఫెయిల్యూర్ దాకా వెళ్లినవారున్నారు. ఊరు వెళ్లేటప్పుడు మాత్రలు అయిపోవడం, ఆస్పత్రిలో చేరినప్పుడు చీటీలో రాయడం మరిచిపోవడం లాంటి చిన్న కారణాలే అందుకు చాలు.

స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్

ప్రొటీన్ కనిపించగానే స్టెరాయిడ్ మొదలుపెట్టడం చాలా కిడ్నీ జబ్బుల్లో అలవాటు. హెపటైటిస్ పరీక్ష చేయకుండా అలా మొదలుపెడితే బి వైరస్ కట్టు తెంచుకుంటుంది. హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్‌గా ఉండి యాంటీ-హెచ్‌బీసీ ఒక్కటే పాజిటివ్ ఉన్నవారిలో కూడా బి-లింఫోసైట్లను తగ్గించే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఆ వైరస్‌ను లేపగలదు. అలాంటివారికి రిటుక్సిమాబ్ కన్నా ముందే ఎంటెకావిర్ లాంటి రక్షణ మందు మొదలవ్వాలి, చివరి డోసు తర్వాత కనీసం 12 నెలలు కొనసాగాలి. ఆరునెలలకే ఆపడం, ఆపాక డీఎన్‌ఏ, ఎస్‌జీపీటీ చూడకపోవడం ఇక్కడ జరిగే తప్పులు.

సి వల్ల వచ్చిన కిడ్నీ జబ్బులో క్రియాటినిన్ వేగంగా పెరుగుతున్నా, నెఫ్రోటిక్ అయినా, క్రయోగ్లోబ్యులిన్ జబ్బు ఒక్కసారిగా ముదిరినా వైరస్ మందు ఒక్కటీ చాలదు. దాంతోపాటే రిటుక్సిమాబ్, స్టెరాయిడ్లు, కొన్నిసార్లు ప్లాస్మా మార్పిడి అవసరం. మాత్రల కోర్సు పూర్తయ్యాక చూద్దామంటే అప్పటికి ఫిల్టర్లు మచ్చలు కట్టేస్తాయి.

ప్రొటీన్ తగ్గించడం, ఉప్పు, నొప్పి మాత్రలు

ప్రొటీన్ పోయేవారికి ఎనలాప్రిల్, రామిప్రిల్ కుటుంబం నుంచి గానీ లోసార్టన్, టెల్మిసార్టన్ కుటుంబం నుంచి గానీ ఒకటి ఇస్తారు, రెండు కుటుంబాలూ కలపరు. మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన 1-2 వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే భయపడి ఆపనక్కర్లేదు. వాంతులు, విరేచనాలు అయిన రోజుల్లో ఆపాలా అని ముందే డాక్టరును అడిగి పెట్టుకోండి. సిర్రోసిస్‌తో పొట్టలో నీరు ఉంటే ఈ మందులు వద్దు.

ఉప్పు అన్నీ కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే చదునుగా ఒక టీ చెంచా. పొటాషియం కలిపిన తక్కువ-సోడియం ఉప్పు కిడ్నీ పని తగ్గినవారికి ప్రమాదం.

కిడ్నీ జబ్బుకు ప్రొటీన్ తగ్గించి తినమంటారు, సిర్రోసిస్‌కు పెంచి తినమంటారు. రెండూ ఉన్నవారు ఏం చేయాలి? సిర్రోసిస్ ఉంటే దాని మాటే నెగ్గుతుంది: కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు, రాత్రి పడుకునే ముందు కూడా కొంత. ప్రొటీన్ మానేస్తే కండ కరుగుతుంది, కిడ్నీ మాత్రం బాగుపడదు.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ పూర్తిగా మానాలి. కాంబినేషన్ మాత్రల్లో ఇవి దాగి ఉంటాయి, స్ట్రిప్ మీది చిన్న అక్షరాలు చదవండి. నొప్పికి పారాసిటమాల్, సిర్రోసిస్ ఉంటే రోజుకు 2 గ్రాములు దాటకుండా. లివర్ శుభ్రం చేస్తామని అమ్మే, ఏం కలిపారో చెప్పని పొడుల జోలికి పోవద్దు. అరిస్టలోకియా జాతి మొక్కలు కలిసిన మందుల వల్ల కిడ్నీలు శాశ్వతంగా పోయినవారున్నారు.

సిర్రోసిస్ ఉన్నవారికి వేరే ప్రమాదం

ఇక్కడ ఫిల్టర్లు బాగానే ఉన్నా, రక్తప్రసరణ తలకిందులై కిడ్నీకి రక్తం అందదు. దీన్ని హెపటోరీనల్ సిండ్రోమ్ అంటారు. 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా దాన్ని ఎమర్జెన్సీగానే చూడాలి. 0.8 నుంచి 1.1 కి పెరిగితే రిపోర్టులో ఎర్ర అక్షరం కూడా పడదు, అందుకే పాత రిపోర్టును పక్కన పెట్టుకుని చదవాలి.

అప్పుడు నీరు పోయే మాత్రలు ఆపాలి, రక్తస్రావం ఉందేమో చూడాలి, పొట్ట నీటిని సూదితో తీసి ఇన్ఫెక్షన్ కోసం పరీక్షించాలి. పొట్ట నీటిలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఘన మిల్లీమీటరుకు 250 ఉన్నా, దాటినా యాంటీబయాటిక్‌తో పాటు ఆల్బుమిన్ కూడా ఇవ్వాలి: మొదటి రోజు కిలోకు 1.5 గ్రాములు, మూడో రోజు కిలోకు 1 గ్రాము. 5 లీటర్లకు మించి నీరు తీస్తే తీసిన ప్రతి లీటరుకూ 6-8 గ్రాముల ఆల్బుమిన్ ఎక్కించాలి. తేలిక పడాలని నీరు తీయించుకుని ఆల్బుమిన్ లేకుండా ఇంటికి వెళ్లినవారికి రెండు మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోవడానికి కారణం ఇదే. హెపటోరీనల్ అని తేలితే రక్తనాళాలను బిగించే టెర్లిప్రెసిన్ అనే మందు, ఆల్బుమిన్ ఇస్తారు. టెర్లిప్రెసిన్ ఇస్తున్నప్పుడు ఆయాసం, ఆక్సిజన్ మీద కన్నేసి ఉంచాలి.

డయాలసిస్, టీకా, మార్పిడి

బి వైరస్ ఎండిన రక్తపు మరక మీద కనీసం 7 రోజులు బతుకుతుంది. అందుకే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ ఉన్నవారికి వేరే గది, వేరే మెషీన్ ఉండాలి. సి కి మెషీన్ వేరు చేయనక్కర్లేదు. అది సోకేది చేతుల వల్ల, పంచుకున్న మందు సీసాల వల్ల. డయాలసిస్‌లో కూర్చున్నప్పుడు చూడాల్సిందేమిటంటే, పక్క బెడ్ నుంచి మీ దగ్గరికి వచ్చేముందు గ్లౌజులు మార్చారా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇద్దరు ముగ్గురికి ఒకే సీసా నుంచి మీ బెడ్ పక్కనే ట్రాలీ మీద లాగుతున్నారా. అడగడానికి మొహమాటపడొద్దు. సి పరీక్ష ఆరు నెలలకోసారి, ఎస్‌జీపీటీ నెలకోసారి జరగాలి.

బి రానివారికి టీకా డయాలసిస్ దాకా ఆగకుండా ముందే వేయించాలి, కిడ్నీ పని తగ్గేకొద్దీ టీకా పట్టడం తగ్గుతుంది. డయాలసిస్‌లో ఉన్నవారికి మామూలు 20 మైక్రోగ్రాముల టీకా అయితే రెట్టింపు, అంటే 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో నాలుగు సార్లు, భుజం కండలోకి. పిరుదుకు వేస్తే కొవ్వులో ఉండిపోయి సరిగా పట్టదు. చివరి డోసు అయిన 1-2 నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ చూడాలి. మి.లీ.కు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్ల లోపు ఉంటే మళ్లీ పూర్తి కోర్సు. 10 దాటినా ఏటా చూసుకుంటూ, కిందికి పడితే బూస్టర్ వేయించాలి. సి కి టీకా లేదు, ఒకసారి నయమైనా మళ్లీ సోకవచ్చు.

కిడ్నీ మార్పిడికి బి, సి అడ్డు కావు. బి ఉన్నవారు మార్పిడి తర్వాత కూడా యాంటీవైరల్ ఆపకూడదు. సి ఉన్నవారికి మందు ముందు ఇవ్వాలా తర్వాత ఇవ్వాలా అన్నది దాత దొరికే సమయాన్ని బట్టి మార్పిడి బృందం తేలుస్తుంది. రోగనిరోధక శక్తిని అణచే సిక్లోస్పోరిన్ రోజుకు 100 మి.గ్రా. దాటి వాడుతుంటే గ్లెకాప్రెవిర్ మాత్రలు వద్దు.

ఇద్దరు డాక్టర్ల దగ్గరికీ ఒకే కాగితం తీసుకెళ్లండి. తేదీల వారీగా అందులో ఈ గడులు చాలు: బరువు, బీపీ, క్రియాటినిన్, ప్రొటీన్ నిష్పత్తి యూనిట్‌తో సహా, ఎస్‌జీపీటీ, ఆర్‌ఎన్‌ఏ లేదా డీఎన్‌ఏ, వాడుతున్న మాత్రల పేరు, మి.గ్రా., ఎన్ని రోజులకొకటి. బరువు వారంలో 2 కిలోలు పెరిగినా, మూత్రం కోలా రంగులోకి మారినా, కొత్తగా చుక్కలు కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ కాగితంతోనే వెళ్లండి.